క్యాప్చర్ కార్డ్ కొనకుండా పీఎస్4 ఆటలు యూట్యూబ్‌లో పెట్టాలంటే

మీ దగ్గర పీఎస్4 స్లిమ్ గేమ్ కన్సోల్, పాత ఐ3 ప్రాసెసర్ ల్యాప్‌టాప్ ఉన్నాయి. తెలుగులో మాట్లాడుతూ ఆడిన ఆటలు యూట్యూబ్‌లో పెట్టాలనుంది. క్యాప్చర్ కార్డ్ (కన్సోల్ బొమ్మను కంప్యూటర్‌లోకి తీసుకునే పరికరం) లేకపోతే కుదరదని అందరూ అంటున్నారు, ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐకి వైరు పెట్టి చూస్తే ఏమీ రాలేదు. ఇదీ మీరు అడిగింది. దాంతోపాటు మీ బావమరిది దగ్గరున్న నింటెండో స్విచ్ కన్సోల్ గురించి, అటక మీదున్న పీఎస్2 గురించి కూడా అడిగారు.

ముందు ఆ వైరు సంగతి చెప్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. ల్యాప్‌టాప్‌కున్న హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మను బయటికి పంపడానికే తప్ప లోపలికి తీసుకోవడానికి కాదు. పీఎస్4 పోర్టూ అంతే. రెండూ పంపేవే, అందుకునేది ఏదీ లేదు. వైరు మార్చినా, సెట్టింగ్స్ మార్చినా, డ్రైవర్లు ఇన్‌స్టాల్ చేసినా ఉపయోగం ఉండదు. ల్యాప్‌టాప్ పాడైందేమో అన్న టెన్షన్ అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. మీరు ప్రస్తుతానికి ఏమీ కొనొద్దు. మీ పీఎస్4 మీరు ఆడుతున్నంతసేపూ రికార్డు చేస్తూనే ఉంటుంది. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు రికార్డర్ కోసం షాపుల చుట్టూ తిరుగుతున్నారు. 2013లో పీఎస్4 వచ్చినప్పుడే కంట్రోలర్ మీద షేర్ అనే బటన్ పెట్టింది ఇందుకే.

అది పనిచేసే తీరు ఇలా ఉంటుంది. ఆట మొదలైన దగ్గర్నుంచి కన్సోల్ చివరి 15 నిమిషాలను హార్డ్ డిస్క్‌లో దాచుకుంటూ, అంతకంటే పాతదాన్ని చెరిపేస్తూ పోతుంది. మంచి ఘట్టం అయిపోయాక షేర్ నొక్కి, వచ్చే మెనూలో స్క్వేర్ నొక్కితే ఆ 15 నిమిషాలూ వీడియోగా సేవ్ అవుతాయి. జరగబోయేది ముందే తెలియనక్కర్లేదు, జరిగిపోయాక నొక్కినా దొరుకుతుంది. ఈ నిడివిని పెంచుకోవచ్చు. సెట్టింగ్స్‌లో షేరింగ్ అండ్ బ్రాడ్‌కాస్ట్స్, అందులో వీడియో క్లిప్ సెట్టింగ్స్‌లోకి వెళ్తే 30 సెకన్ల నుంచి 60 నిమిషాల దాకా ఎంచుకోవచ్చు. నా సలహా 15 దగ్గరే ఉంచమని. గంట వీడియో సేవ్ చేస్తే అందులో పనికొచ్చే నాలుగు నిమిషాలు వెతకడానికి ఇంకో గంట పడుతుంది. మొత్తం మిషన్ అంతా కావాలనుకున్నప్పుడు మాత్రం 60కి మార్చుకోండి.

షేర్ బటన్‌ను వెంటవెంటనే రెండుసార్లు నొక్కితే అక్కణ్నుంచి కొత్త రికార్డింగ్ మొదలవుతుంది, మళ్లీ రెండుసార్లు నొక్కితే ఆగుతుంది. ఇందులో ఒక మెలిక ఉంది. అలా కొత్తది మొదలుపెట్టగానే అప్పటిదాకా దాచిన పాత నిమిషాలు పోతాయి. పెద్ద బాస్‌ను ఓడించిన ఆనందంలో రెండుసార్లు నొక్కేసి, ఆ పోరాటం మొత్తం పోగొట్టుకునే వాళ్లు చాలామంది ఉంటారు. అయిపోయినదాన్ని సేవ్ చేయడానికి ఒకసారి షేర్, తర్వాత స్క్వేర్. ఇది వేళ్లకు అలవాటయ్యేదాకా కాగితం మీద రాసి టీవీ పక్కన పెట్టుకున్నా తప్పులేదు.

సేవ్ అయినవి క్యాప్చర్ గ్యాలరీలో ఉంటాయి. పెన్‌డ్రైవ్‌ను ఎఫ్‌ఏటీ32 లేదా ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేసి కన్సోల్‌కు పెట్టండి. వీడియో మీద ఆప్షన్స్ నొక్కి యూఎస్‌బీకి కాపీ చేయండి. ల్యాప్‌టాప్‌లో తెరిస్తే పీఎస్4 అనే ఫోల్డర్, అందులో షేర్, అందులో వీడియో క్లిప్స్ కనిపిస్తాయి. మామూలు ఎంపీ4 ఫైళ్లే, దేన్లోనైనా ఆడతాయి. ఎక్స్‌ఫ్యాట్ ఎందుకంటే, ఎఫ్‌ఏటీ32లో ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు. పెద్ద వీడియోలకు ఆ పరిమితి అడ్డొస్తుంది.

కన్సోల్ నుంచి నేరుగా కూడా యూట్యూబ్‌కు పంపొచ్చు. పాత వీడియోల్లో చూపించే ఫేస్‌బుక్, ట్విట్టర్ దారులు మాత్రం మీకు దొరకవు. పీఎస్4లో ఫేస్‌బుక్‌ను 2019 అక్టోబరులో, ట్విట్టర్‌ను 2023 నవంబరులో తీసేశారు. ఆ మెనూ కోసం వెతుక్కుంటూ కూర్చోవద్దు.

స్లిమ్ రికార్డు చేసేది 720పీ (బొమ్మ స్పష్టతను చెప్పే అంకె, ఎక్కువైతే మెరుగు), సెకనుకు 30 ఫ్రేములు. పీఎస్4 ప్రోలో 1080పీ వస్తుంది. మీరు చెప్పబోయే మొదటి అభ్యంతరం ఇదే అని తెలుసు. ఫోన్లో చూసేవాళ్లకు ఆ తేడా పెద్దగా తెలియదు. తెలిసేది వేరే చోట. యూట్యూబ్ చిన్న సైజు వీడియోలను గట్టిగా కుదించేస్తుంది, గడ్డి, వాన, వేగంగా తిరిగే కారు చక్రాలు ఉన్న చోట బొమ్మ ముద్ద అయిపోతుంది. దీనికో పాత చిట్కా ఉంది. ఎడిటింగ్ అయ్యాక వీడియోను 1440పీకి పెంచి ఎక్స్‌పోర్ట్ చేసి అప్‌లోడ్ చేయండి. కొత్తగా వివరాలేవీ పుట్టుకురావు, కానీ ఆ సైజు వీడియోలకు యూట్యూబ్ మెరుగైన కోడెక్ (వీడియోను కుదించే పద్ధతి), ఎక్కువ బిట్‌రేటు (సెకనుకు వాడే డేటా) ఇస్తుంది. ఉన్న బొమ్మ ఉన్నట్టు నిలబడుతుంది.

ఇక గొంతు. నన్నడిగితే మీరు డబ్బు గాని, సమయం గాని ఎక్కడైనా పెట్టాల్సి వస్తే ఇక్కడ పెట్టండి. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూస్తారు, మాట వినబడకపోతే పది సెకన్లలో వెళ్లిపోతారు. తెలుగులో మాట్లాడటమే మీ ప్రత్యేకత అనుకుంటున్నప్పుడు ఆ మాటే గేమ్ తుపాకుల మోతలో కొట్టుకుపోతే ఇక మిగిలేదేముంది?

సులువైన దారి: ఫోన్‌కు వాడే మైకున్న ఇయర్‌ఫోన్స్‌ను కంట్రోలర్ కింద ఉన్న 3.5 ఎంఎం జాక్‌లో పెట్టండి. వీడియో క్లిప్ సెట్టింగ్స్‌లోనే ఆడియో షేరింగ్ దగ్గర మైక్రోఫోన్ శబ్దాన్ని కలపమనే టిక్ ఉంటుంది, అది పెట్టండి. మీ గొంతు వీడియోలో పడుతుంది. కానీ ఇలా చేస్తే గొంతూ, ఆట శబ్దమూ ఒకే ట్రాక్‌లో కలిసిపోతాయి. ఒకటి తగ్గించి ఇంకోటి పెంచే వీలుండదు. మధ్యలో అమ్మ అన్నానికి పిలిచినా, కుక్కర్ విజిల్ వేసినా అది కూడా శాశ్వతంగా ఉండిపోతుంది.

నేను చెప్పే దారి కొంచెం పని ఎక్కువ, ఫలితం చాలా మెరుగు. గొంతును ఫోన్లో వాయిస్ రికార్డర్ యాప్‌తో విడిగా రికార్డు చేయండి. ఫోన్‌ను గడ్డానికి జానెడు దూరంలో, నోటికి నేరుగా ఎదురు కాకుండా కాస్త పక్కకు పెట్టండి, అప్పుడు 'ప', 'ఫ' పలికినప్పుడు గాలి కొట్టదు. ఆట శబ్దం ఇయర్‌ఫోన్స్‌లో వినండి, టీవీ మ్యూట్ చేయండి, లేకపోతే టీవీ శబ్దం ఫోన్లో దూరుతుంది. సీలింగ్ ఫ్యాన్ ఆపగలిగితే ఆపండి. ఎండాకాలంలో ఇది కష్టమే, పైగా అప్పుడు పీఎస్4 ఫ్యాన్ కూడా గట్టిగా అరుస్తుంది. కన్సోల్‌ను టీవీ టేబుల్ అరలో ఇరికించకుండా గాలాడే చోట, మీకు దూరంగా పెట్టండి.

రెండు ఫైళ్లనూ కలపడానికి ఒక గుర్తు కావాలి. రికార్డింగ్ మొదలయ్యాక ఆటను పాజ్ చేస్తూ, సరిగ్గా ఆ క్షణంలోనే "పాజ్" అని గట్టిగా అనండి. ఎడిటింగ్‌లో తెర ఆగిన ఫ్రేము, మీ మాట ఒక చోటకు తెస్తే మిగతాదంతా సరిపోతుంది. పదిహేను నిమిషాల ముక్కల్లో ఇది బాగా నిలుస్తుంది. గంట రికార్డింగులో ఫోన్ గడియారం, కన్సోల్ గడియారం ఒకదాన్నుంచి ఒకటి కొద్దికొద్దిగా జారొచ్చు, అందుకే మధ్యమధ్యలో ఇంకోసారి పాజ్ గుర్తు పెట్టుకోండి.

ఆడుతూ మాట్లాడటం రానివాళ్లకు ఇంకో పద్ధతి ఉంది. ముందు ఆడేయండి, ముక్కలు కత్తిరించండి, తర్వాత చూస్తూ మాట్లాడండి. సోనీ వాళ్లదే షేర్‌ఫ్యాక్టరీ అనే ఉచిత యాప్ పీఎస్4 స్టోర్‌లో దొరుకుతుంది. కత్తిరించడం, అతికించడం, పైన మాట చేర్చడం కన్సోల్ మీదే చేసుకోవచ్చు. కథ ఉన్న ఆటలకు ఈ పద్ధతే బాగుంటుందని నా అభిప్రాయం, ఎందుకంటే మీరు "అయ్యో, అబ్బా" అనడం కాకుండా నిజంగా ఏదైనా చెప్తారు. ల్యాప్‌టాప్ మీద చేయాలంటే షాట్‌కట్ ఉచితం, తేలిక. డావిన్చీ రిజాల్వ్ మంచిదే కానీ మీ ఐ3 మీద ఏడిపిస్తుంది. ఫోన్లో అయితే వీఎన్, కైన్‌మాస్టర్ లాంటివి చాలు.

గంటకు మించి ఏకబిగిన కావాలంటే లైవ్ పెట్టడం ఒక ఉపాయం. షేర్ మెనూలోంచే యూట్యూబ్‌కు గాని, ఆటల లైవ్‌లు చూపించే ట్విచ్ సైట్‌కు గాని ప్రసారం చేయొచ్చు. యూట్యూబ్‌లో 12 గంటల లోపు లైవ్ అయితే అయిపోయాక దానంతటదే వీడియోగా మిగిలిపోతుంది. తర్వాత యూట్యూబ్ స్టూడియోలో దాన్ని ప్రైవేట్ చేసి, డౌన్‌లోడ్ చేసుకుని, కత్తిరించి కొత్త వీడియోగా పెట్టుకోవచ్చు. స్టూడియో నుంచి 720పీ దాకానే దిగుతుంది, మీ స్లిమ్ పంపేదీ అంతే కాబట్టి నష్టమేమీ లేదు. మొదటిసారి లైవ్ ఆన్ చేస్తే 24 గంటల దాకా ఆగమంటుంది, కాబట్టి ఇవాళే ఆన్ చేసి పెట్టండి. ఫోన్ నుంచి లైవ్ పెట్టడానికి 50 మంది సబ్‌స్క్రైబర్లు ఉండాలనే షరతు కన్సోల్‌కు లేదు. అలాగే 15 నిమిషాలు దాటిన వీడియోలు పెట్టాలంటే ఫోన్ నంబరుతో ఖాతాను వెరిఫై చేయాలి, అది కూడా ఇప్పుడే చేసేయండి.

లైవ్‌కు నెట్ లెక్క చూసుకోవాలి. సెకనుకు 4 మెగాబిట్లు పంపితే గంటకు దాదాపు 1.8 జీబీ అవుతుంది. రోజుకు 1.5 జీబీ ప్యాక్ ఉన్న ఫోన్ హాట్‌స్పాట్ మీద పెడితే గంట కూడా నిండకుండానే డేటా అయిపోతుంది. ఇంట్లో ఫైబర్ ఉంటే వైఫై వదిలేసి లాన్ వైరు వాడండి. స్పీడ్ టెస్ట్‌లో డౌన్‌లోడ్ అంకె చూసి మురిసిపోవద్దు, మనకు కావాల్సింది అప్‌లోడ్.

మీ ల్యాప్‌టాప్‌ను ఎలాగైనా వాడాలనుకుంటే సోనీ వాళ్ల రిమోట్ ప్లే ఉంది. ఆట పీఎస్4 మీదే నడుస్తుంది, బొమ్మ నెట్‌వర్క్ మీదుగా ల్యాప్‌టాప్‌కు వస్తుంది, అక్కడ ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఆ విండోను రికార్డు చేస్తారు. లాభం ఏమిటంటే ఓబీఎస్‌లో ఆట శబ్దం ఒక ట్రాక్, గొంతు ఇంకో ట్రాక్ పెట్టుకోవచ్చు, సెకనుకు 60 ఫ్రేములు కూడా వస్తాయి. నష్టం ఏమిటంటే వీడియోను విప్పడం, మళ్లీ రికార్డు చేయడం రెండూ ఒకేసారి మీ ఐ3 నెత్తిన పడతాయి. నెట్‌వర్క్ తడబడితే తెర మీద చతురస్రాలు కనిపిస్తాయి, అవి రికార్డింగులోనూ ఉంటాయి. కన్సోల్‌నూ ల్యాప్‌టాప్‌నూ రెండింటినీ రౌటర్‌కు వైరుతో కలిపి ఒకసారి ప్రయత్నించి చూడండి. ఫ్రేములు పడిపోతుంటే వదిలేయండి, దీనికోసం కొత్త ల్యాప్‌టాప్ కొనేంత విషయం లేదు.

స్విచ్ సంగతి చిన్నది. ఎడమ కంట్రోలర్ మీద చతురస్రాకారంలో ఉన్న క్యాప్చర్ బటన్‌ను నొక్కి పట్టుకుంటే చివరి 30 సెకన్లు సేవ్ అవుతాయి, అదీ 720పీలో. అన్ని ఆటల్లోనూ రాదు. ఫోన్‌కు పంపడానికి ఆల్బమ్‌లో క్యూఆర్ కోడ్ దారి ఉంది, 2020 చివర్లో అప్‌డేట్‌తో వచ్చింది, ఒకసారికి ఒక్క వీడియోనే పోతుంది. ఎక్కువ ఉంటే యూఎస్‌బీ వైరుతో కంప్యూటర్‌కు కలిపి మొత్తం కాపీ చేసుకోవడం నయం. నింటెండో నియమాల్లో ఒక సౌకర్యం ఉంది. మామూలుగా వాళ్ల ఆటల వీడియోలకు మీ మాటో, మీ సొంత పనో కలవాలి అంటారు, కానీ ఈ క్యాప్చర్ బటన్‌తో తీసిన ముక్కలను మాత్రం ఏమీ కలపకుండానే పెట్టుకోనిస్తారు. మీ బావమరిదికి షార్ట్స్‌కు 30 సెకన్లు ఎక్కువే.

పీఎస్2లో ఇలాంటివేవీ లేవు. ఫోన్ కెమెరాతో టీవీని తీయడం ఒక్కటే ఉచిత మార్గం, కానీ దాన్ని కూడా శుభ్రంగా తీయొచ్చు. గదిలో లైట్లు ఆపండి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా దేనికైనా ఆనించండి, తెరకు సరిగ్గా మధ్యలో, ఎదురుగా ఉండాలి. కెమెరాలో ఫోకస్, ఎక్స్‌పోజర్ లాక్ చేయండి, లేకపోతే పేలుడు వచ్చిన ప్రతిసారీ బొమ్మ చీకటి పడి మళ్లీ వెలుగుతుంది. తెర మీద చారలు పరుగెత్తుతుంటే ప్రో మోడ్‌లోకి వెళ్లి షట్టర్ స్పీడ్‌ను పాల్ డిస్కులకు 1/50, ఎన్‌టీఎస్‌సీ డిస్కులకు 1/60 దగ్గర పెట్టండి (పాల్, ఎన్‌టీఎస్‌సీ అనేవి ఒక్కో ప్రాంతపు టీవీ పద్ధతులు). ఎల్‌ఈడీ టీవీ మీద అలల్లాంటి గీతలు వస్తే ఫోన్‌ను కాస్త వెనక్కి జరిపి జూమ్ చేయండి.

పీఎస్2కు ఇంకో దారి మన ఊళ్లలోనే ఉంది, ఎవరూ ఆలోచించరు. పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియోల్లో పాత క్యాసెట్లను డిజిటల్‌లోకి మార్చే పరికరం ఉంటుంది. వీసీఆర్‌కు వాడే పసుపు, ఎరుపు, తెలుపు వైర్లే పీఎస్2కూ. తెలిసినవాళ్లయితే ముహూర్తాలు లేని రోజుల్లో ఓ గంట పెట్టుకోనిస్తారు. కన్సోల్ తీసుకెళ్లి అడిగి చూడండి, మహా అయితే కాదంటారు.

కాపీరైట్ గురించి మీరు అడగలేదు కానీ చెప్పక తప్పదు. వీడియోలకు దెబ్బ పడేది ఎక్కువగా ఆట వల్ల కాదు, పాటల వల్ల. కారు రేడియోలో నిజమైన సినిమా, ఆల్బమ్ పాటలు వచ్చే ఆటల్లో రేడియో ఆపేయండి, లేదా ఆడియో సెట్టింగ్స్‌లో మ్యూజిక్ సున్నా చేయండి. క్లెయిమ్, అంటే ఆ పాట తమదని హక్కుదారులు చెప్పడం, వచ్చిందంటే ప్రకటనల డబ్బు వాళ్లకు పోతుంది, ఛానెల్‌కు మామూలుగా ప్రమాదం లేదు. స్ట్రైక్ వేరు, అది ఛానెల్ మీద పడే శిక్ష, మూడు పడితే ఛానెల్ పోతుంది. ఈ రెండింటినీ కలిపేసుకుని భయపడే వాళ్లు చాలామంది. కొన్ని ఆటల్లో కొన్ని సన్నివేశాలను తయారీదార్లే రికార్డు కాకుండా అడ్డుకుంటారు, అక్కడ తెర మీద నోటీసు వస్తుంది. పెర్సోనా 5 ఆటకు 2017లో దాని తయారీ సంస్థ అట్లస్ పీఎస్4 షేర్‌ను దాదాపు పూర్తిగా ఆపేసింది. అలాంటప్పుడు కన్సోల్ చెడిపోయిందనుకోవద్దు. ఇంకో మాట, పార్టీ చాట్‌లో (ఆడుతూ కలిసి మాట్లాడుకునే చోట) స్నేహితుల గొంతు వీడియోలో పడుతుంటే ముందే వాళ్లకు చెప్పండి.

మరి క్యాప్చర్ కార్డ్ ఎప్పుడు? కొన్నాళ్లు వీడియోలు పెట్టాక 1080పీ 60 ఫ్రేములు కావాలనిపిస్తేనో, మీ ముఖం, ఆట, అలర్టులు అన్నీ ఒకే తెర మీద లైవ్‌లో చూపించాలనుకుంటేనో. అదీ మంచి మైకు కొన్న తర్వాతే. ఆన్‌లైన్‌లో చౌకగా దొరికే పెన్‌డ్రైవ్ లాంటి హెచ్‌డీఎంఐ డాంగిల్స్ చాలావాటి మీద యూఎస్‌బీ 3.0 అని రాసి ఉంటుంది, లోపల మాత్రం 2.0 చిప్పే ఉండి 1080పీలో 30 ఫ్రేములే ఇస్తాయి. నేర్చుకోవడానికి అది చాలు. పెట్టే ముందు పీఎస్4 సెట్టింగ్స్‌లో సిస్టమ్‌లోకి వెళ్లి హెచ్‌డీసీపీ (బొమ్మను కాపీ చేయకుండా అడ్డుకునే తాళం) టిక్ తీసేయండి, లేకపోతే నల్ల తెరే కనిపిస్తుంది. ఎవరైనా పీఎస్3 ఇస్తామంటే మాత్రం గుర్తుంచుకోండి, దాని హెచ్‌డీఎంఐలో హెచ్‌డీసీపీ ఆపే వీలు లేదు, కాంపోనెంట్ అనే పాత రకం వైర్లతోనే తీయాలి.